చేదుమామ మెట్లెక్కిన రోజు

డాక్టరు దవడ కింద రెండు వేళ్ళు ఆనించి, చేదుమామ తల అడ్డంగా ఊపాడు.

"లాభం లేదు సార్. ఇది వెళ్ళిపోవాలి."

"ఏది?"

"గడ్డం."

ఉదయం తొమ్మిదింబావు. ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల పక్కన, ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకున్న గది. ఇప్పుడది మాస్కుల గది. ఒక బల్ల, ఒక తిరుగుడు స్టూలు, గోడకి అద్దం, మూడు బీరువాలు. స్టూలు మీద కూర్చున్నది ఛాతీ డాక్టరు. పన్నెండు గంటలకి మూడో అంతస్తులో, మూసిన గదిలో, మందులకి లొంగని క్షయతో పడి ఉన్న రోగి గొంతులోకి ఆయన గొట్టం దించాలి. గొట్టం దిగుతుంటే రోగి దగ్గుతాడు. ఆ దగ్గులోంచి కంటికి కనపడని తుంపర లేచి, అగరుపొగలా గదంతా తేలుతుంది. గంటలకొద్దీ తేలుతూనే ఉంటుంది.

నోటికి కట్టుకునే పల్చటి మాస్కు అక్కడ పనికిరాదు. అది మన తుంపర ఎదుటివాడి మీద పడకుండా ఆపుతుందే తప్ప, ఎదుటివాడి గాలి మనలోకి రాకుండా ఆపలేదు. దానికి మొహాన్ని గట్టిగా పట్టుకునే బిగుతు మాస్కు కావాలి. ఆ మాస్కు చర్మాన్ని పట్టుకుంటుంది గానీ వెంట్రుకల్ని పట్టుకోదు.

"మా ఆవిడ ముచ్చటపడి పెంచమంది మామా," అన్నాడు డాక్టరు దీనంగా. "నెల రోజుల కష్టం."

"అమ్మగారికి గడ్డం కావాలో, మీ ఊపిరితిత్తులు కావాలో ఫోన్ చేసి కనుక్కోండి. నేను ఆగుతా."

"పోనీ ఆ గాలి టోపీ ఇవ్వు. దానికి గడ్డంతో పనిలేదుగా."

చేదుమామ తల తిప్పి మూడో బీరువా పైకి చూశాడు. తలనీ మెడనీ మొత్తం కప్పేసే తెల్లటి టోపీ అది. ముందు వెడల్పాటి ప్లాస్టిక్ అద్దం, వెనక నుంచి ఏనుగు తొండంలా గొట్టం, ఆ గొట్టం చివర నడుముకి కట్టుకునే ఫ్యాను డబ్బా. ఆ ఫ్యాను వడపోసిన గాలిని టోపీలోకి తోస్తూనే ఉంటుంది కాబట్టి బయటి గాలి లోపలికి రాలేదు. బిగుతుతో పనిలేదు, మొహం కొలతతో పనిలేదు. కొత్తలో నాలుగు గంటలు నడిచేది. ఇప్పుడు బ్యాటరీ ముసలిదైపోయి నలభై నిమిషాలకి వచ్చింది. ఆరేళ్ళుగా ఎవరూ తొడుక్కోలేదు. పాతసామాన్లలో పడెయ్యమని మేనేజరు రెండుసార్లు చెప్పాడు. చేదుమామ రెండుసార్లూ "అలాగే సార్" అని, పడెయ్యలేదు. రోజూ ఏడింటికి గది తాళం తీయగానే ఆయన చేసే మొదటి పని ఆ బ్యాటరీని ఛార్జింగులో పెట్టడం. ఎర్రదీపం వెలుగుతుంది. రెండు గంటలకి ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు తీసి, టోపీకి తగిలించి, గాలి సరిగ్గా వస్తోందో లేదో చూసి, మళ్ళీ పైన పెడతాడు. ఇంట్లో ముసలిపిల్లికి పాలు పోసినట్టు, రోజూ.

"అది నలభై నిమిషాల టోపీ సార్. వేరే దారి లేనివాళ్ళ కోసం దాచాను. మీకు దారి ఉంది," అని సొరుగులోంచి కొత్త రేజరు తీసి చేతిలో పెట్టాడు. "వరండా చివర అద్దం ఉంది. నీళ్ళు చల్లగా ఉంటాయి, చూసుకోండి."

డాక్టరు గొణుక్కుంటూ వెళ్ళాడు.

చేదుమామకి మనుషుల పేర్లు గుర్తుండవు. ముక్కులు గుర్తుంటాయి. బస్సులో ఎదురుగా కూర్చున్నవాణ్ణి చూసి 'మధ్యరకం, ముక్కు దూలం లోతు, రెక్కలున్న మాస్కయితే సరిపోతుంది' అనుకుంటాడు. పెళ్ళిచూపుల్లో కూడా కోడలి మొహం అలాగే చూశాడని ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, తలమీద పారదర్శకంగా ఉండే ముసుగు దించుతాడు. ముసుగుకి ముందో చిన్న కంత. అందులోంచి చేదునీళ్ళు పిచికారీ కొడతాడు. మొదటి పిచికారీ మాస్కు లేకుండా. ఆ మనిషి మొహం ముడుచుకుని "చేదు" అనాలి. అన్నాకే మాస్కు తొడిగించి, మళ్ళీ కొడతాడు. తల అటూ ఇటూ తిప్పమంటాడు, వంగమంటాడు, గట్టిగా అంకెలు చదవమంటాడు. ఇప్పుడు చేదు తగిలిందా, ఎక్కడో గాలి దూరుతున్నట్టే. మాస్కు మార్చాలి. తగల్లేదా, చీటీ మీద సంతకం పెట్టి లోపలికి పంపిస్తాడు. ఆసుపత్రిలో ఆయన చేదు తినని మనిషి లేడు. అలా చేదుమామ అయ్యాడు. నర్సుల పిల్లలు అల్లరి చేస్తే "చేదుమామ దగ్గరికి పంపిస్తా" అని బెదిరిస్తారట. ఆ మాట విన్నరోజు ఆయన ఇంటికెళ్ళి ఇంటావిడకి చెప్పి చెప్పి నవ్వాడు.

అంతకుముందు ఏడేళ్ళు ఆయన ఇక్కడే స్ట్రెచరు తోశాడు. అప్పట్లో బిగుతు మాస్కుల్లేవు. నాలుగు మడతల గుడ్డ ముక్కుకి కట్టుకోమనేవాళ్ళు. కట్టుకున్నాడు. శ్రద్ధగా, రోజూ ఉతుక్కుని మరీ కట్టుకున్నాడు. ఏడో ఏట దగ్గు మొదలైంది. తను తోసిన మంచం మీదే తను పడుకుని రెండేళ్ళు మందులు మింగాడు. జబ్బు పోయింది. పోతూపోతూ ఎడమ ఊపిరితిత్తి పైభాగాన్ని ఎండిన బత్తాయి తొనలా చేసి వదిలేసింది. గుండె కూడా ఆ బరువు మోసి అలిసింది. మెట్లెక్కకూడదన్నారు. అందుకే కింది అంతస్తులో ఈ గది. రోజూ సరిగ్గా ఒంటిగంటకి బల్లమీది ఫోన్ మోగుతుంది. ఇంటావిడ.

"తిన్నావా?"

"తిన్నా."

"మెట్లెక్కలేదు కదా?"

"లేదు."

పందొమ్మిదేళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు.

*

పదిగంటలకి డాక్టరు నున్నటి గడ్డంతో తిరిగొచ్చాడు. నెలరోజులు ఎండ తగలని చోటు పాలిపోయి, మొహానికి అతుకేసినట్టుంది. పరీక్ష అయింది. మాస్కు పట్టింది. చీటీ మీద సంతకం పెడుతుండగానే మేనేజరు తలుపులో నిలబడ్డాడు. సన్నటి మనిషి. మాట్లాడేటప్పుడు తాళంచెవుల గుత్తి ఊపడం అలవాటు.

"పైన మనిషికి ఊపిరందట్లేదు. పన్నెండు కాదు, ఇప్పుడే వెయ్యాలట. డాక్టర్‌గారూ, మీరు పదండి."

డాక్టరు పరిగెత్తాడు. మేనేజరు వెనకనుంచి ఒక అమ్మాయి ముందుకొచ్చింది. చేరి పదిహేను రోజులైన కొత్త నర్సు. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. చిన్న మొహం, కోసు గడ్డం, ముక్కు దూలం దాదాపు లేనట్టే. చేదుమామ ఒక్క చూపుకే 'చిన్న సైజు' అనుకున్నాడు. అనుకుంటూనే బీరువా వైపు చూశాడు. చిన్నవి నిన్నటితో అయిపోయాయి. కొత్తగా వచ్చిన పెట్టెల నిండా మధ్యరకమే.

"రోజూ పెద్ద సిస్టరుతో పాటు లోపలికెళ్ళే సిస్టరు సెలవులో ఉంది. ఈ అమ్మాయే వెళ్ళాలి," అన్నాడు మేనేజరు. "ఏదో ఒకటి తొడిగి సంతకం పెట్టు. అందరికీ సరిపోతాయని పెట్టెమీద రాసే ఉందిగా."

"పెట్టెకి మొహం లేదు కద సార్. ఎలా తెలుస్తుంది?"

"ఇప్పుడా నీ హాస్యాలు?" తాళంచెవులు గలగలలాడాయి. "నీ పరీక్ష ఐదు నిమిషాల్లో అవ్వాలి. అక్కడ మనిషి పోతున్నాడు."

చేదుమామ అమ్మాయిని కూర్చోబెట్టాడు. మధ్యరకం మాస్కు తొడిగించి, ముక్కు మీది రేకు నొక్కాడు. ముసుగు దించాడు. చేతిలో పిచికారీ డబ్బా. తలుపులో తాళంచెవులు. పై అంతస్తులో ఎవరో మేనేజరుని గట్టిగా పిలుస్తున్నారు.

"కానీవయ్యా!"

చెయ్యి దానంతటదే నొక్కేసింది. పఫ్, పఫ్, పఫ్.

"చేదుందా అమ్మడూ?"

"లేదు మామా."

"తల తిప్పు. ఇటు. వంగు. అంకెలు చదువు."

చదివింది. ఒకటి నుంచి ముప్పై దాకా, బడిపిల్లలా.

"ఇప్పుడు?"

"అస్సల్లేదు."

ఆశ్చర్యం వేసింది. ముక్కు పక్కన వేలు పెడితే సన్నగా గాలి తగిలినట్టే అనిపించింది. కానీ పరీక్ష పరీక్షే. చేదు లేదంటే లేనట్టే. ఒక్కోసారి మొహాలు మోసం చేస్తాయి అనుకుని సంతకం పెట్టాడు. మేనేజరు అప్పటికే వెళ్ళిపోయాడు. అమ్మాయి మాస్కు తీసి సంచిలో పెట్టుకుని, జేబులోంచి ఒక మాత్ర తీసింది.

"పొద్దుట్నుంచీ తలనొప్పి మామా. భయానికేమో."

"నీళ్ళు ఇదిగో, ఉండు..."

"నీళ్ళెందుకు?" అని మాత్రని కటుక్కున కొరికి, బఠాణీ నమిలినట్టు నమిలేసి, నవ్వి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపుకి 'మరమ్మతులో ఉంది' అన్న అట్టముక్క పొద్దున్నుంచీ వేలాడుతోంది.

చేదుమామ ముసుగు తుడుస్తూ కూర్చున్నాడు. చెమట పట్టిన పైపెదవిని వేలితో తుడుచుకున్నాడు. వేలికంటిన చేదునీళ్ళు నాలిక్కి తగిలి, చేదు నోరంతా విషంలా పాకింది. తుపుక్కున ఊశాడు. ఊస్తూ ఆగిపోయాడు.

ఆ అమ్మాయి మాత్ర నమిలింది.

తలనొప్పి మాత్ర. నోట్లో పెట్టుకుంటేనే గొంతుదాకా చేదెక్కే మాత్ర. నమిలి, నవ్వింది.

మొదటి పిచికారీ కొట్టలేదు. మాస్కు లేకుండా కొట్టాల్సిన పిచికారీ. చేదు అసలు తెలుస్తుందో లేదో చూసే పిచికారీ. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా వదల్లేదు. ఇవాళ వదిలేశాడు. ఎక్కడో వెయ్యిమందిలో ఒకరుంటారు, పుట్టుకతోనే ఈ చేదు తెలియనివాళ్ళు. వాళ్ళకి మాస్కులోకి గాలి దూరినా తెలియదు, జల్లెడ తొడిగినా తెలియదు. ఆ ఒక్కరినీ తనే సంతకం పెట్టి, చావుగాలిలోకి పంపించాడు.

ఫోన్ ఎత్తి మూడో అంతస్తు తిప్పాడు. మోగింది. మోగుతూనే ఉంది. అందరూ గౌన్లు తొడుక్కుంటూ ఉంటారు. ఎవరెత్తుతారు? వరండాలోకి వచ్చి అటూ ఇటూ చూశాడు. కర్ర ఊతంతో నడుస్తున్న ఒక ముసలాయన తప్ప పురుగు లేదు.

ఉత్తచేతులతో వెళ్ళి ఆపితే లాభం లేదు. లోపల డాక్టరుకి ఇద్దరి సాయం కావాలి, ఒకరు తగ్గినా రోగి పోతాడు. వాళ్ళు ఆగరు. ఆ పిల్ల అసలే ఆగదు.

మూడో బీరువా పైనుంచి గాలి టోపీ దించాడు. ఇవాళ పనిలో పడి ఛార్జరు మీదే వదిలేసిన బ్యాటరీకి ఆకుపచ్చ దీపం వెలుగుతోంది, దాన్ని లాగి డబ్బాకి బిగించాడు. గొట్టం మెడలో వేసుకుని, చేదునీళ్ళ సీసా జేబులో దోపుకుని, మెట్ల దగ్గరికొచ్చాడు.

అంతస్తుకి ఇరవై రెండు మెట్లు. ఇన్నేళ్ళుగా పక్కనే కూర్చుని ఎక్కేవాళ్ళ అడుగులు విన్నాడు కాబట్టి లెక్క తెలుసు.

మొదటి అంతస్తు పరుగులాంటి నడకతో ఎక్కేశాడు. రెండోదాంట్లో సగానికొచ్చేసరికి గాలి లోపలికి వెళ్ళడం మానేసింది. నోరు తెరుస్తున్నాడు, ఛాతీ లేస్తోంది, లోపలికి మాత్రం ఏమీ దిగట్లేదు. ఎడమ పక్కన ఎవరో మేకు దించుతున్నట్టుంది. చెయ్యాసరా పట్టుకుని ఒక మెట్టు. ఆగి, ఇంకో మెట్టు. టోపీ అద్దం మోకాలికి టకటకా కొట్టుకుంటోంది. 'లేదు అని చెప్పాలి ఒంటిగంటకి' అన్న ఆలోచన ఎందుకో వచ్చింది. యాభై. యాభై ఒకటి. కళ్ళముందు నల్లటి చుక్కలు. అరవై ఆరు.

మూసిన గది ముందు చిన్న గది. దానికి అటో తలుపు, ఇటో తలుపు. ఒకటి మూస్తేనే రెండోది తెరుచుకుంటుంది. చేదుమామ బయటి తలుపు తోసుకుని లోపల పడ్డాడు. పెద్ద సిస్టరు గౌను ముడి వేసుకుంటోంది. కొత్తమ్మాయి మాస్కు మొహం దగ్గరికి తీసుకెళ్తోంది. డాక్టరు అప్పటికే లోపల, రోగి తలవైపు.

"మామా! నువ్వా? మెట్లెక్కావా?" పెద్ద సిస్టరు నిర్ఘాంతపోయింది.

మాట్లాడ్డానికి గాలి లేదు. అమ్మాయి చేతిలోంచి మాస్కు లాగేశాడు. జేబులోంచి సీసా తీసి, ఆమె అరచేతిలో ఒక చుక్క వేసి, నాకమని సైగ చేశాడు. అమ్మాయి బిత్తరపోయి నాలిక ఆనించింది.

"ఏంటి మామా? ఉత్త నీళ్ళేగా."

ఇంకో చుక్క పెద్ద సిస్టరు చేతిలో వేశాడు. ఆవిడ నాలిక్కి తగిలీ తగలగానే మొహం నలిగిన కాగితంలా అయిపోయింది. థూ అని ఊసింది. తర్వాత అమ్మాయి మొహం చూసింది. చేదుమామ మొహం చూసింది. ఇరవయ్యేళ్ళ సర్వీసు ఆవిడది. అమ్మాయి వైపు తిరిగింది.

"వద్దు. నువ్వు లోపలికి రావద్దు."

"రాకపోతే ఎలా అక్కా? అక్కడ..."

లోపలి అద్దం మీద డాక్టరు దబదబా కొట్టాడు. చేదుమామ అప్పటికే అమ్మాయి నడుముకి బెల్టు బిగిస్తున్నాడు. మీట నొక్కాడు. ఫ్యాను గుర్రుమంది. గాలి ఎంత వస్తోందో చూసే గాజు గొట్టంలో చిన్న బంతి వణికి, లేచి, గీత మీదికి వెంట్రుకవాసి ఎక్కి నిలబడింది. టోపీ తలమీద దించాడు. చేతి గడియారం ఆమె కళ్ళముందు పెట్టి, ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క ఊపిరి తెచ్చుకుంటూ అన్నాడు.

"నలభై. నిమిషాలు. ముప్పై ఎనిమిదికి... నేను కొడతా. వచ్చెయ్యాలి. ఏం జరుగుతున్నా."

తలుపు తెరుచుకుంది, సిస్టర్లిద్దరూ లోపలికెళ్ళాక మూసుకుంది.

చేదుమామ అద్దం అంచు పట్టుకుని నిలబడ్డాడు. పది నిమిషాలు. గొట్టం దిగలేదు. పద్దెనిమిది. రోగి ఒళ్ళంతా విల్లులా లేచింది. అమ్మాయి భుజాలు అదిమిపట్టింది. ఆ దగ్గు వినపడలేదు గానీ మంచం కదలడం కనిపించింది. ఆమె మొహం రోగి నోటికి జానెడు దూరం. ఆ మాస్కుతోనే వెళ్ళి ఉంటే అనుకుంటూ ఆయన గడియారం చూసుకున్నాడు. ఇరవై తొమ్మిది. డాక్టరు తల అడ్డంగా ఊపి, మళ్ళీ వంగాడు. ముప్పై నాలుగు. గొట్టం దిగింది. కట్లు వెయ్యాలి. ముప్పై ఎనిమిది.

వేలి కణుపులతో అద్దం మీద కొట్టాడు.

అమ్మాయి ఒక చేత్తో గొట్టం పట్టుకుని, ఇటు చూసి, రెండు వేళ్ళు చూపించింది. ఇంకా రెండు నిమిషాలు. చేదుమామ అరచేత్తో దబ్బుమని బాదాడు. పెద్ద సిస్టరు ఆ అమ్మాయి చేతిని తప్పించి, గొట్టం తను పట్టుకుని, భుజంతో తలుపువైపు నెట్టింది.

ఆమె ముందు గదిలోకి వచ్చి, వెనక తలుపు మూసుకుని, చేదుమామతో పాటు బయటి తలుపు దాటిందో లేదో టోపీ కీచుమని అరిచి, ఫ్యాను ఆగిపోయింది.

టోపీ తీసింది. జుట్టంతా చెమట.

"బతికాడు మామా. గొట్టం పడింది. ఇంతకీ నన్నెందుకలా..."

"నీకు చేదు తెలీదమ్మడూ."

"అదా! మా ఇంట్లో చిన్నప్పుడు మందులన్నీ నాకే ముందు పోసేవాళ్ళు, ఏడవనని." నవ్వబోయింది. అప్పుడర్థమైంది. ఆయన లాగేసుకున్న మాస్కు వైపు చూసి గోడకి ఆనుకుంది.

"తప్పు నీది కాదు. నాది. కిందికెళ్ళి రాస్తా."

"ఇక్కడే పడుకో. డాక్టర్‌గారు వచ్చి చూస్తారు. నీ పెదాలు నల్లబడ్డాయి."

"డాక్టర్‌గారికి లోపల పనుంది. కూర్చుంటే తగ్గిపోతుంది నాకు. దిగడం తేలికేలే. అది ఇలా ఇవ్వు, బ్యాటరీ ఖాళీ."

*

గదిలోకొచ్చి టోపీని మందుగుడ్డతో తుడిచాడు. బ్యాటరీ విప్పి ఛార్జింగులో పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. అమ్మాయి చీటీ తీసి, తన సంతకం కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాశాడు: 'చేదు తెలియదు. తీపినీళ్ళతో పరీక్ష చెయ్యాలి. చిన్న సైజు తెప్పించాలి. అప్పటిదాకా గాలి టోపీయే. మొదటి పిచికారీ కొట్టకుండా సంతకం పెట్టింది నేను.' కింద మళ్ళీ సంతకం పెట్టాడు.

ఒంటిగంటకి ఫోన్ మోగింది.

"తిన్నావా?"

"తింటా."

"మెట్లెక్కలేదు కదా?"

చేదుమామ ఛార్జరు మీది ఎర్రదీపం వైపు చూశాడు.

"ఏంటి, ఎక్కావా?"

"ఒక్కసారి."

"ఎందుకట?"

"ఒక పిల్లకి చేదు తెలీదు."

"ఆ పిల్లకి చేదు తెలీకపోతే నువ్వు మెట్లెక్కడమేంటి? మతిపోయిందా? గొంతేంటి అలా ఉంది?"

"సాయంత్రం వచ్చి చెప్తాలే. పెద్ద కథ."

"త్వరగా రా. వినాలి నేను," అంది ఆవిడ. పెట్టేసింది.

చేదుమామ స్టూలుని గోడ దగ్గరికి జరుపుకుని, తల ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

రెండింటికి కొత్తమ్మాయి వేడి టీ పట్టుకుని వచ్చింది. మామ నిద్రపోతున్నాడనుకుని గ్లాసు బల్లమీద చప్పుడు కాకుండా పెట్టింది. చీటీ చదివింది. రెండోసారి చదివింది. తర్వాత ఆయన వైపు తిరిగి, ఆయన రోజూ అందరికీ ఆనించినట్టే, దవడ కింద రెండు వేళ్ళు ఆనించి నాడి వెతికింది.

చాలాసేపు తియ్యలేదు.

బల్ల చివర ఛార్జరు మీద ఎర్రదీపం ఒకసారి మిణుకుమని ఆకుపచ్చగా మారింది. నిండిన బ్యాటరీ, తీసేవాళ్ళ కోసం, అలాగే ఉండిపోయింది.